ఇంటిపేరు దగ్గర ఆగిపోయిన సంతకం

మా అత్తగారు సంతకం చెయ్యడం చూడాలంటే పక్కన తీరికగా కూర్చోవాలి. ముందు కలాన్ని వేళ్ల మధ్య సర్దుకుంటారు. కాగితానికి కొంచెం ఎత్తులో, గాలిలో, ఒకసారి రాసి చూసుకుంటారు. ఆ తర్వాత ఒక్కో అక్షరాన్నీ పెదవులతో పలుకుతూ రాస్తారు. రాసి, కలం ఎత్తి, తలకట్టు సరిగా పడిందో లేదో చూసుకుని, అప్పుడు పక్క అక్షరానికి వెళతారు. ఇంటిపేరు ముందు, తన పేరు తర్వాత, మన తెలుగువాళ్ల పద్ధతే. అన్నీ అయ్యాక చివర ఒక చుక్క పెడతారు. ఆ చుక్క పడేదాకా ఆవిడ లెక్కలో అది సంతకం కాదు.

ఆ విద్య ఆవిడకు చిన్నప్పుడు వచ్చింది కాదు. మావయ్యగారు దామంజోడి అల్యూమినా రిఫైనరీలో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో, ముగ్గురు పిల్లల తల్లి అయ్యాక, కాలనీలో ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో పలక పట్టుకుని నేర్చుకున్నది. అంతకుముందు బ్యాంకుకు వెళితే గుమాస్తా ఆవిడ బొటనవేలు తనే పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద నొక్కి వదిలేసేవాడట. తుడుచుకోవడానికి గుడ్డ ఉండేది కాదు. కౌంటరు పక్క గోడంతా ఎవరెవరివో నీలం వేళ్లే. "నా ఏలూ ఆ గోడకే రాసేదాన్ని," అంటారు ఆవిడ ఇప్పటికీ, ఏదో అశుభ్రమైనది తలుచుకున్నట్టు మొహం పెట్టి. సంతకం వచ్చిన తర్వాత ఆవిడ ఎక్కడా వేలిముద్ర వెయ్యలేదు.

ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. ఒడిశాలో మేముండే రాయగడలో, ఒక కంటి ఆసుపత్రిలో ఆ సంతకానికి జరిగినదాని మీద నాకు ఇంకా కోపం చల్లారలేదు. నేను ఆవిడ కోడలిని, లెక్కల మనిషిని. బిల్లులు సరిచూడడం నా ఉద్యోగం. రోజూ పడుకునే ముందు ఆ రోజు ఖర్చు, చేసిన పని, తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. జరిగిన ప్రతిదానికీ తేదీ నా డైరీలో ఉంది. ఇక్కడ మాత్రం వెయ్యను. తేదీ చూస్తే ఆ రోజు కౌంటరులో ఎవరున్నారో ఆసుపత్రివాళ్లకు తెలిసిపోతుంది. తెలిస్తే వాళ్లు బాగుచేసేది సంతకం తీసుకునే యంత్రాన్ని కాదు, ఉద్యోగంలోంచి తీసేసేది కౌంటరులోని అమ్మాయిని.

ఆవిడ ఎడమకంట్లో శుక్లం ముదిరింది. కుడికన్ను కూడా మసకేస్తోంది. బియ్యంలో రాయి కనబడక చేత్తో తడిమి ఏరుతుంటే చూడలేక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. కౌంటరు మీద అరచేయంత గాజుపలక ఒకటి, దానికి తాడుతో కట్టిన సిరా లేని కలం ఒకటి ఉన్నాయి. కౌంటరులో ఉన్న అమ్మాయి మనవైపు పిల్లే, మాటలో పార్వతీపురం పలుకుతోంది. పలకను ముందుకు జరిపింది.

"ఇక్కడ సంతకం పెట్టండి మామ్మా."

"ఏటమ్మీ ఇది, పలకా?"

"పలకలాటిదే. సంతకం అందులోకెల్లిపోతాది."

"కాయితమేదీ?"

"కాయితం ఉండదు మామ్మా. అంతా కంప్యూటర్లోనే."

"మరందులో ఏటి రాసున్నాదో నాకెలా తెలస్తాది?"

అమ్మాయి నవ్వింది. కంప్యూటరు తెర ఆమె వైపు తిరిగి ఉంది. మాకు కనిపించేది దాని వీపు, దుమ్ము పట్టిన తీగలు. "మీరు వచ్చేరు, మీ ఇష్టంతోనే సూపించుకుంటన్నారు, అంతే," అంది.

అత్తగారు గాలిలో ఒకసారి రాసుకుని, పలక మీద మొదలుపెట్టారు. ఇంటిపేరు పూర్తయింది. తన పేరులో మొదటి అక్షరానికి తలకట్టు పెడుతుండగా పలక టిక్కుమని, దాని మీది సంతకం గడి మూసుకుని, తెల్లగా అయిపోయింది. ఆవిడ కలం అలాగే ఉంది, కింద అక్షరాలు లేవు.

"అయిపోయింది మామ్మా."

"అవ్వలేదమ్మీ. నా పేరింకా రాయందే?"

"సిస్టం తీసేసుకుందిలెండి. సాలు."

"నాను రాయకండానే తీసేసుకుందా?"

వెనక వరుస కదులుతోంది. డాక్టరు పరీక్షించి, ఆపరేషను తప్పదన్నాడు. సర్జను విశాఖపట్నం నుంచి వారానికి ఒక్కరోజే వస్తాడు. షుగరు ఇప్పుడు అదుపులో ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యవద్దు, శుక్లం ఇంకా గట్టిపడితే తియ్యడం కష్టం అని హెచ్చరించాడు. వచ్చే వారానికి రాయించుకుని ఇంటికి వచ్చాము.

ఆ వారమంతా మా అత్తగారు సాధన చేశారు. పాత క్యాలెండరు వెనక, అరచేయంత గడి గీయించుకుని, దానిలో సంతకం ఇరికించడం. గాలిలో రాసుకోవడం మానేశారు. పెదవులతో పలకడం మానేశారు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తలకట్లు ఎగిరిపోయాయి, కాని వారం చివరికి చుక్కతో సహా పూర్తిపేరు ఆ గడిలో పట్టింది. కాగితం నాకు చూపించి, "కోడి గీకినట్టున్నాది కాని, ఉన్నాది," అన్నారు. చూపించేటప్పుడు ఆవిడ మొహంలో గెలుపు లేదు. చిన్నప్పుడు రాని అక్షరాన్ని పెద్దయ్యాక నేర్చి, ముసలితనంలో దాన్ని చెడగొట్టుకోవడం ప్రాక్టీసు చెయ్యవలసి వచ్చిందని నాకు ఒళ్లు మండింది. అప్పటికింకా అసలు సంగతి జరగలేదు.

ఆపరేషను రోజు తలకు ఆకుపచ్చ టోపీ పెట్టి, ఎడమకంటి మీద నుదుటికి ప్లాస్టరు ముక్క అంటించి, కంట్లో చుక్కలు వేశారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు. వేస్తే ఆ కంటికి దగ్గర వస్తువు కనబడదు, కుడికన్ను ఎలాగూ మసకే. అది వేసిన తర్వాత, ఒప్పుకోలు సంతకానికి అదే పలకను, కంప్యూటరును చక్రాల బల్ల మీద పెట్టి కౌంటరు అమ్మాయి తోసుకొచ్చింది! వరుస క్రమం చూడండి: ముందు చూపు తీసి, తర్వాత చదివి సంతకం చెయ్యమనడం. చదవడానికి అక్కడ ఎలాగూ ఏమీ లేదు కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

అత్తగారు సాధన చేసినట్టే రాశారు. గడి మూసుకునేలోపు చుక్క పడింది. తల ఎత్తి నా వైపు చూశారు.

"మామ్మా, కలవలేదు," అంది అమ్మాయి.

"ఏటి కలవలేదు?"

"ముందు పెట్టిన సంతకంతో ఇది కలవట్లేదు. అప్పుడు సిన్నది, ఇప్పుడు పెద్దదైపోయింది."

"అప్పుడు సగమే కదేటి. నువ్వే కదేటి మూసేసేవు!"

"నాను ముయ్యలేదు మామ్మా, నా మీదెందుకూ? దానంతటదే మూసుకుంటాది."

మేనేజరును పిలిచారు. ఒడియా ఆయన, తెలుగు బాగా మాట్లాడతాడు. తెరను మొదటిసారి మా వైపు తిప్పి చూపించాడు. పైన నిల్వ చేసిన సంతకం, కింద కొత్త సంతకం, రెంటి మధ్య ఎర్ర గీత. పైన ఉన్నది మా ఇంటిపేరు, దాని పక్కన ఒక అక్షరంలో సగం. అంతే. ఆ ఇంటిపేరు నాది, నా భర్తది, విజయనగరంలో ఉన్న మా చిన్నమావయ్య పిల్లలందరిది. ఆ నిల్వ చేసిన సంతకాన్ని పట్టుకుని నా కంటికి ఆపరేషను చేసినా కాగితం ప్రకారం సరిపోతుంది. ఒడియావాళ్లు తమ పేరు ముందు రాసి ఇంటిపేరు చివర రాస్తారు. గడి మూసుకుంటే వాళ్లకు పోయేది ఇంటిపేరు, మనిషి మిగులుతాడు. మనకు మిగిలేది ఇంటిపేరు, మనిషి పోతాడు. ఇంత తెలుగు మాట్లాడే జిల్లాలో ఆ యంత్రం పెట్టినవాళ్లలో ఒక్కరికీ ఇది తట్టలేదు.

"సింపుల్ మేడమ్," అన్నాడు మేనేజరు. "ముందు పెట్టినట్టే పెట్టమనండి. ఇంటిపేరు వరకు రాసి ఆపేస్తే గ్రీన్ వచ్చేస్తుంది."

"అంటే తప్పు సంతకానికి సరిపోయేలా మళ్లీ తప్పుగా పెట్టమంటారా?"

"తప్పు కాదు మేడమ్. సేవ్ అయినదే కరెక్ట్."

సేవ్ అయినదే కరెక్ట్. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చాలా దొంగ బిల్లులు చూశాను. వాటిని తెచ్చినవాళ్లు కనీసం తల దించుకునేవారు. ఇతను తల ఎత్తి, చిరునవ్వుతో, ఒక సూత్రంలాగా చెప్పాడు.

ఇన్సూరెన్సువాళ్లు సంతకం కలవని కేసు తిప్పి పంపేస్తారట. పాతది చెరిపే అధికారం రాయగడలో లేదట. నిల్వంతా కోరాపుట్‌లో ఉన్న ఆసుపత్రి పెద్దాఫీసులో ఉంటుందట. కొంచెం ఆలోచించి, గొప్ప ఉపకారం చేస్తున్నట్టు, "పోనీ వేలిముద్ర తీసుకుందాం. దానికి మిషన్ వేరే ఉంది. ముసలివాళ్లకు అదే ఈజీ," అన్నాడు.

అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చున్నారు.

"ఏలిముద్రా? నా ఏలు నీకివ్వను బాబూ. కన్నిస్తానని వచ్చేను, కావాలంటే అది తీసుకో."

పక్క మంచం మీద ఆవిడ పకపకా నవ్వింది. అమ్మాయి కూడా పలక అడ్డం పెట్టుకుని నవ్వింది. మేనేజరు నవ్వలేదు.

"మామ్మగారూ, సంతకంలో ఏముంది? ఊరికే ఫార్మాలిటీ."

"ఊరికేదైతే నువ్వే ఎట్టీ. ఏం, ఎట్టవు కదా? ఆ సగం పేరావిడెవర్తో ఆవిడ్ని తెండి, ఆవిడకి సెయ్యండి ఆపరేషను. నాను కాదు."

లోపలి నుంచి సర్జను తొంగిచూశాడు. కాగితాల సంగతి తేలకుండా తాను ముట్టుకోనని, తర్వాతి పేషెంటును పంపమని చెప్పి వెళ్లిపోయాడు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. వారం పోతుంది, షుగరు మళ్లీ ఎక్కితే ఇంకో నెల పోతుంది. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "అత్తయ్యా, కన్ను ముందు కదా. ఈసారికి ఆ సగమే పెట్టేద్దురూ," అన్నాను.

పెద్దదైన కంటిపాపతో నన్ను చూశారు. ఆ చూపులో నా మొహం ఉందో లేదో నాకు తెలియదు.

"కన్ను ముందే. అందుకే సంతకం సరిగ్గుండాల. రేపు కంటికి ఏటైనా అయితే, ఒప్పుకున్నదెవరంటే ఎవర్ని సూపిస్తారు? మీ మావ ఇంటిపేరుని సూపిస్తారు. ఆయనా లేడు."

టోపీ తీసి మంచం మీద పెట్టి, ప్లాస్టరు ముక్క తనే ఊడబెరుక్కుని, ఆవిడ దిగిపోయారు. బయట ఎండ. చుక్కలు వేసిన కంటికి అది ఎండ కాదు, నిప్పు. ఆటోలో ఇంటిదాకా పమిట మొహం మీద కప్పుకుని కూర్చున్నారు. మధ్యలో ఒకసారి మాత్రం, "బిల్లు కట్టీలేదు కదా?" అని అడిగారు. కట్టలేదన్నాను. "మంచిదైంది," అన్నారు.

నేను సెలవు పెట్టి ఆవిడను కోరాపుట్ తీసుకువెళ్లాను. కొండల్లో రైలు సొరంగాల్లోంచి వెలుగులోకి, వెలుగులోంచి సొరంగాల్లోకి పోతుంటే ఆవిడకు రెండింటికీ తేడా అంతగా తెలియలేదు. కిటికీకి మొహం ఆనించి, ప్రతి స్టేషనులోనూ, "దామంజోడి వచ్చిందేటి?" అని అడిగారు. వచ్చినప్పుడు చెప్పాను. రిఫైనరీ పొగగొట్టాల వైపు చూస్తున్నాననుకుని ఆవిడ ఎదుటి ప్లాట్‌ఫారం గోడ వైపు చాలాసేపు చూశారు. నేను సరిదిద్దలేదు.

పెద్దాఫీసులో ఏసీ గది, అద్దాల తలుపు. సంతకాల నిల్వ చూసే కుర్రాడు తెలుగు వచ్చినవాడు, మర్యాదస్థుడు. ఓటరు కార్డు చూసి, పాత సంతకం తెరిచి, "ఇదేమిటండీ, సగమే ఉంది?" అన్నాడు.

"అదే బాబూ నానూ అడుగుతున్నాను," అన్నారు అత్తగారు.

పాతది చెరిపేసి, అదే రకం గాజుపలక ముందు పెట్టాడు. సాధన చేసిన కోడిగీతలు ఇప్పుడు రాస్తారని నేననుకున్నాను. ఆవిడ కలం పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. తర్వాత గాలిలో రాసుకున్నారు, నెమ్మదిగా, పాత పద్ధతిలో.

"ఇది ఎంత రాయనిస్తాదో నాకు తెలిసిపోయింది," అన్నారు. "పరిగెట్టి రాసింది నా సంతకం కాదు. ఏదో ఒకటి పోవాలంటే పోయేది నాను కాకూడదు."

తన పేరు రాశారు. ముందు. ఒక్కొక్క అక్షరం పలుకుతూ, తలకట్లు పెడుతూ. పేరు అయ్యాక చుక్క పెట్టారు. ఆ తర్వాత, తీరిక ఉంటే చేద్దాం అన్నట్టుగా, ఇంటిపేరు మొదలుపెట్టారు. రెండో అక్షరం దగ్గర పలక టిక్కుమంది. ఆవిడ కలం కింద పెట్టి, "మీ మావ బయటుండిపోయేడు," అని నాతో అని, నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. పెళ్లయిన నాటినుంచి ఆ ఇంటిపేరును ఆవిడ ముందు పెట్టుకుని నడిచారు. దాన్ని వెనక్కి పెట్టడానికి ఒక్క నిమిషం పట్టింది.

నేను కూడా నవ్వేదాన్నే. అంతలో ఆ కుర్రాడు, సహాయంగా, "టైము పెంచొచ్చు కదండీ. మీ రాయగడ బ్రాంచివాళ్లు ఎందుకు అడగలేదో," అన్నాడు.

"ఏమిటి పెంచొచ్చు?"

"గడి మూసుకునే టైము. సెట్టింగ్‌లో ఉంటుంది. కంపెనీ ఇచ్చినది అలాగే వదిలేశాం. ఎవరూ కంప్లైంటు చెయ్యలేదు."

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. ఆ గదిలో గట్టిగా మాట్లాడాను. అద్దాల తలుపు అవతల ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. కంప్లైంటు చెయ్యవలసింది ఎవరు, పేరు పోయినవాళ్లా? తమ పేరు పోయిందని కూడా చూడనివ్వకుండా తెరను అటు తిప్పి కూర్చున్నది మీరు కాదా? ఒక సెట్టింగు కోసం ఒక మనిషి కంటి ఆపరేషను ఆగింది, ఒక వారం పోయింది, ఇంత ప్రయాణం అయింది. ఆగని కేసుల్లో ఎందరు సగం పేర్లతో ఒప్పుకున్నారని మీ నిల్వలో ఉంది? ఎవరూ లెక్క పెట్టలేదు కదా? నాకు ఇవ్వండి, నేను లెక్క పెడతాను అన్నాను. కుర్రాడు బిక్కమొహం వేశాడు. పైవాళ్లకు రాస్తే మారుస్తారని, తానొక్కడే మార్చకూడదని చెప్పాడు. అక్కడే కూర్చుని కాగితం మీద, సిరాతో, రాసిచ్చాను. పూర్తి సంతకం చేశాను. తర్వాత వాళ్ల నుంచి ఫోనుకు ఒక మెసేజి వచ్చింది, నా విలువైన సూచనకు కృతజ్ఞతలతో.

మరుసటి వారం ఆపరేషను జరిగింది. ఆ రోజు కొత్త సంతకం నిల్వలో ఉన్నదానితో కలిసింది. తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. అదే గడి, అదే టిక్కు. టైము ఎవరూ మార్చలేదు. మందులు తీసుకోవడానికి కౌంటరు దగ్గర కూర్చున్నాము. అత్తగారి ఎడమకంటికి పట్టీ ఉంది. కుడికంటితో ఎంత చూడగలరో అంత చూస్తున్నారు. రామనగుడ వైపు రైతు ఒకాయన, తెలుగాయనే, పలక ముందు నిలబడి కలం పట్టుకున్నాడు.

అమ్మాయి చాలా దయగా, నేర్పుగా చెప్పింది: "తాతా, ముందు మీ పేరు రాసీండి. ఇంటిపేరు తరవాత. మొన్న మీటింగులో మాకందరికీ సెప్పేరు. అలాగైతే పేరు పోదు."

నాకు విషయం అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. యంత్రాన్ని మార్చలేదు. మా అత్తగారు గత్యంతరం లేక చేసిన పనిని కార్యాలయ విధానం చేశారు. ఆవిడ మాత్రం పొంగిపోయి నా మోచేతిని పొడిచారు. "నానే నేర్పేను, సూసేవా?"

రైతు కలాన్ని పలక మీద ఆనించలేదు.

"ఇంటిపేరెనక్కెట్టడమేటమ్మీ? నా పేరు మా ఊర్లో సానామందికున్నాది. ఇంటిపేరు లేకండా నానెవల్నని తెలస్తాది?"

"అది కూడా రాస్తారు కదా తాతా, ఎంత పడితే అంత."

"ఎంత పడితే అంతా?" అన్నాడాయన. కలం కింద పెట్టేశాడు. తాడు చుట్టుకుని పలక పక్కకు పడింది. వెనక వరుస మళ్లీ కదలడం మొదలుపెట్టింది.

అత్తగారు నా మోచేయి మీది చేతిని తీసేశారు. ఆ ముసలాయన ఉన్న వైపు మొహం తిప్పారు. పట్టీ అంచు సర్దుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయీ, నీకింకా సెలవులున్నాయేటి?"

"ఎందుకత్తయ్యా?"

"కోరాపుట్ ఎల్లాల. ఈసారి ఆ పలక సంగతి తేలేదాకా నాను లెగను."